ఉడత ఇంటికి ఏడు కిటికీలు

అమ్మ పోయిన పదిహేను రోజులకి మా చెల్లి అన్నం మానేసింది. ఆరేళ్ళ పిల్ల. బార్లీ నీళ్ళు బతిమాలి పోస్తే ఒక గుక్క తాగేది, అంతే. రైల్వే ఆసుపత్రి డాక్టరు దాని కనురెప్ప కిందికి లాగి చూసి, ఎలాగైనా తినిపించండి, లేకపోతే దక్కదు అన్నాడు. తినిపించమట! ఆ మాట చెప్పడానికి డాక్టరెందుకు?

అమ్మ దానికి అన్నం పెట్టే పద్ధతి ఒకటుండేది. శ్రీకాకుళం నుంచి మా మేనమామ తెచ్చిన తెలుగు బొమ్మల పుస్తకం ఒళ్ళో పరుచుకునేది. అందులో ఒక ఉడత ఏటి ఒడ్డున ఇటుకలతో ఇల్లు కడుతుంది. ఏడు కిటికీలు, ఒక్కో కిటికీలో ఒక్కో చుట్టం. కిటికీకి ఒక ముద్ద. ఏడో కిటికీ చదివేసరికి కంచం ఖాళీ.

ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది అమ్మకొక్కదానికే. నాన్న బెంగాల్లో, ఈ ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగినవాడు. నేను బెంగాలీ బడిలో ఎనిమిదో తరగతి. పుస్తకం తెరిచి నోటికొచ్చింది అల్లి చెప్పబోయాను. చెల్లికి ప్రతి మాటా కంఠతా వచ్చు. అది కాదంటూ ముద్ద ఉమ్మేసింది.

అక్షరాలతో పని లేకుండా, ఆ ఇల్లే కట్టి దాని ముందు పెడితే? మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ ఆలోచన పట్టుకున్నాను. బొమ్మలోని ఇటుకలు పెన్సిలు మొనతో లెక్కపెట్టి గళ్ళ కాగితం మీద వరసలు గీశాను. ఆ బొమ్మ వేసిన మహానుభావుడు జన్మలో గోడ కట్టి ఉండడు. పై అంతస్తు కింది దానికన్నా వెడల్పు, ఏడో కిటికీ గాల్లో వేలాడుతోంది. నాలుగు కాగితాలు చింపాక, ఒక్కో వరసా కొంచెం కొంచెం ముందుకి జరిపి, వెనక బరువు పెడితే నిలుస్తుందని తేలింది.

నాన్న రైల్వే వర్క్‌షాపు ఫౌండ్రీలో కోర్లు చేసేవాడు. కోరంటే, పోత పోసిన ఇనుములో బోలు రావడానికి అచ్చు లోపల పెట్టే ఇసుక దిమ్మ. ఇసుకలో బెల్లపు మడ్డి కలిపి, అచ్చులో కూరి, పొయ్యిలో కాలుస్తారు. అగ్గిపెట్టెలో సగం ఉండే ఇటుకలు అలాగే చేసి, అన్నం తిన్న టిఫిన్ క్యారియర్లో రోజూ తెచ్చాడు. నేను మైదా జిగురుతో అతికించాను.

మొదటి అంతస్తు లేచిన సాయంత్రం చెల్లి చాప మీంచి లేచి వచ్చింది. రెండు కిటికీలూ వేలితో తడిమి చూసింది. రెండు ముద్దలు తింది. నాన్న వంటింట్లోకెళ్ళి గోడకి తల ఆనించి ఏడ్చాడు. ఆ వారం తిరిగేసరికి ఆరు కిటికీలు, ఆరు ముద్దలు.

ఏడోది ఆదివారం పెట్టాలి. శనివారం ముసురు పట్టింది. ఆదివారం పొద్దున్న లేచి చూస్తే ఉడత ఇంటి నిండా ఎర్రచీమలు. మడ్డికి చీమలొస్తాయనీ, చెమ్మ తగిలితే కోరు విడిపోతుందనీ నాన్నకి తెలియదా? ఆయన చేసిన ఏ కోరుకీ అన్నాళ్ళు నిలవాల్సిన అవసరమే ఎప్పుడూ రాలేదు. నేను ఊదుతూ, పసుపు చల్లుతూ ఉండగానే గోడలు నా చేతుల్లో నల్లటి కుప్పయ్యాయి. చెల్లిని చంపేస్తావా అని నాన్న మీద అరిచాను. 

"మా ఇసక పగలగొట్టడానికే కడతాం తల్లీ. ఇనుం గట్టిపడ్డాక కొట్టేయాల. నాకు మరో పని రాదు" అన్నాడు.

చెల్లి వచ్చి కుప్ప ముందు కూచుంది. ఇక అయిపోయింది, అమ్మలాగే ఇదీ పోతుంది అనుకున్నాను. అది చూపుడువేలితో కుప్పలో గుంటలు పొడిచింది. ఏడు. తర్వాత నోరు తెరిచింది. నాన్న చద్దన్నం కలిపి పెట్టాడు, గుంటకొకటి చొప్పున.

ఏడూ తిన్నాక అది ఇంకో గుంట పొడిచింది.

"ఇది అమ్మకి" అంది.

నాన్న ముద్ద కలిపాడు. ఎవరి నోట్లో పెట్టాలో తెలియక, దాన్ని చేతిలో పట్టుకుని మా ఇద్దరి మొహాలూ చూస్తూ అలాగే కూచుండిపోయాడు.