రంగూన్ నుంచి పెదనాన్న వచ్చిన వైనం

మా పెదనాన్న రంగూన్‌లో లుంగీల కొట్లో పనిచేసేవారు. అప్పట్లో చీరాల లుంగీలకు అక్కడ మంచి గిరాకీ. ఆయన పోయారని యాభైల్లో ఒక ఎండాకాలం తంతి వచ్చింది. బడికి వెళ్ళకపోయినా మా నాన్న ఇంట్లోనే నాకు అక్షరాలు దిద్దించారు. కానీ అవి ఇంగ్లీషు తంతికి పనికిరాలేదు. సందు చివర ఉండే మిషన్ బడి మాస్టారిని పిలుచుకొచ్చాం. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు.

"మనిషి పోయారటండి. ఇక్కడికి పంపమంటారా, అక్కడే కానిచ్చేయమంటారా అని కొట్టు యజమాని అడుగుతున్నారు."

మా పెద్దమ్మ గోడకు ఆనుకుంది. తరువాత మా నాన్నతో, "తెప్పించు అబ్బాయ్. అత్తయ్య పక్కన చోటుంది. ఆయన్ని అక్కడే ఉంచాలి," అంది. ఆ తరువాత అందరూ ఎన్ని మాట్లాడినా, ఆమె కోరింది మాత్రం అదొక్కటే.

మేము మెడలో లింగం కట్టుకునేవాళ్ళం. మా ఇళ్ళల్లో పోయినవారిని దహనం చేయరు. ఎడమ అరచేతిలో లింగం పెట్టి, గోతిలో పద్మాసనం వేయించి కూర్చోబెడతారు. చుట్టూ విభూతి, మారేడు ఆకులు నింపి మట్టి కప్పుతారు. ఊరి చివర ఇసుక నేలలో మా వాళ్ళంతా వరుసగా కూర్చుని ఉన్నారు. మా నాయనమ్మ కూడా అక్కడే ఉంది.

ఇలాంటి వ్యవహారాలన్నిటికీ మా చిన్నతాతయ్యే పెద్ద. ఆయన మాటకు వీధిలో ఎదురు లేదు. సంప్రదాయం ఏం చెబుతుందో ఆయనకు తెలుసు. అది చెప్పని చోట ఏం చెప్పి ఉండేదో కూడా తెలుసు. మొదటి చిక్కు ఆయనే కనిపెట్టారు.

"గాజులు తీయడం భర్త ఎదుట జరగాలి. మనిషి ఇంకా స్టీమరన్నా ఎక్కలేదు. అందాకా అమ్మాయి ముత్తైదువే," అని తేల్చేశారు.

"బాబాయ్, పోయినట్టు తంతి వచ్చింది కదా," అన్నారు మా నాన్న.

"తంతి వచ్చిందిరా. వాడు వచ్చాడా?"

స్టీమరు వచ్చేదాకా మా పెద్దమ్మ భర్త పోయిన ముత్తైదువగా ఉండిపోయింది. చేతినిండా గాజులతో నీళ్ళకు వెళుతుంటే ఎదురొచ్చిన ఆడవాళ్ళు శకునం మంచిదో చెడ్డదో తెలియక, ఎందుకైనా మంచిదని ఎండలో నిలబడి ఆమె దాటిపోయేదాకా ఆకాశం కేసి చూసేవారు. పక్కింటావిడ కూతురి పెళ్ళికి పిలవడానికి కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. గుమ్మంలో మా అమ్మ, పెద్దమ్మ ఇద్దరూ ఉన్నారు. మా అమ్మకు బొట్టు పెట్టి, పెద్దమ్మ కేసి చూసి, కుంకుమలో వేలు ముంచి కాసేపు తటపటాయించి, ఆ బొట్టు మా ద్వారబంధానికి పెట్టింది.

"ఇంటికి పెట్టానమ్మా. ఇంట్లో ఉన్నవాళ్ళంతా రండి," అంది.

పెద్దమ్మ లోపలికి వచ్చి, "పోనీ, నా బదులు గుమ్మాన్ని పంపిద్దాం," అని ముసిముసిగా నవ్వింది. తంతి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ పక్కింటావిడ చల్లగా ఉండాలని అప్పుడే శివుడికి దణ్ణం పెట్టుకున్నాను.

మా నాన్న మద్రాసు వెళ్ళారు. హార్బరులో గుమాస్తా కాగితం మీంచి తలెత్తకుండా, "పెట్టెలో సరుకేమిటి?" అని అడిగాడట.

"మా అన్నయ్యండి."

"అది సరే. సరుకు అన్న చోట ఏం రాయమంటారు?"

మా నాన్న ఆలోచించి, "ఆయన లుంగీలు అమ్మేవారండి," అన్నారట. గుమాస్తా కూడా ఆలోచించి ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో మాకు తెలియదు. ఏది రాసినా పెట్టెను ఆపలేదు. అందుకు ఆ గుమాస్తా పిల్లాపాపలతో సుఖంగా ఉండాలి.

రైలు దిగిన పెట్టెను స్టేషన్ నుంచి తేవడానికి దొరికింది ఒక్కటే ఎడ్లబండి. పొద్దున అది గుంటూరు వైపు వెళ్ళే మిరపకాయ బస్తాలు తోలింది. పెట్టెను దించి మా అరుగు మీద పెట్టేసరికి చుట్టూ చేరినవాళ్ళందరికీ తుమ్ములు, కళ్ళనీళ్ళు. పెదనాన్నతో పాతికేళ్ళుగా మాటల్లేని మా మేనత్త భర్త అందరికన్నా ఎక్కువ కన్నీరు కార్చాడు. ఆయన దుఃఖం చూసి వీధి వీధంతా కదిలిపోయింది. ఆ గొడవ ఆ రోజుతో తీరిపోయింది. మిరపకాయలకు కూడా కృతజ్ఞత చెప్పాలి మరి.

పెద్దమ్మ పెట్టె దగ్గరికి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే గాజులు ఒక్కొక్కటీ తీసి మా అమ్మ చేతిలో పెట్టింది. చిన్నతాతయ్య ఆ తంతుకు ముహూర్తం చెప్పబోతూ ఆగిపోయారు.

రెండో చిక్కు అప్పుడు బయటపడింది. శ్మశానంలో గొయ్యి అప్పటికే తవ్వారు. మా ఆచారం ప్రకారం గుండ్రంగా, లోతుగా, మనిషి కూర్చోవడానికి వీలుగా. పెట్టె చూస్తే మనిషి కన్నా పొడుగు. లోపలివాడు పడుకుని వస్తాడని మా వీధిలో ఒక్కరికీ తట్టలేదు.

"మూత తీయండి. కూర్చోబెట్టాలి," అన్నారు చిన్నతాతయ్య.

మాస్టారు గబగబా ముందుకొచ్చారు. "తీయకూడదండి. లోపల రేకు పెట్టె ఉంటుంది, అతుకు వేసేస్తారు. మా వాళ్ళవి చూశాను. ఎన్ని రోజులైందో మీకు తెలియంది కాదు. ఆ అమ్మగారి ఎదుట ఆ పని వద్దండి."

"మీకు చెల్లుతుంది మాస్టారూ, మీరు పడుకోబెడతారు. మాలో పడుకోబెట్టి పూడ్చడం లేదు. కూర్చోనివాడికి ఆ వరసలో చోటు లేదు."

పెద్దమ్మ తల ఎత్తి చూసింది. సముద్రం దాటి వచ్చిన మనిషిని మా నాయనమ్మకు అంత దగ్గర్లో ఆపేస్తారేమోనని మేమందరం భయపడ్డాం.

మా మేనత్త భర్త ముక్కు తుడుచుకుంటూ ఒక ఉపాయం చెప్పాడు. "గొయ్యి లోతుగానే ఉందిగా. పెట్టెను నిలువుగా దించుదాం. కూర్చున్నట్టు కాకపోయినా, పడుకున్నట్టు మాత్రం కాదు."

చిన్నతాతయ్యకు అది నచ్చింది. ఆయన గడ్డం నిమురుకుంటూ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఆగారు.

"తల ఎటుందిరా?"

ఎవరికీ తెలియదు. రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి. మా నాన్న ఒక కొస అన్నారు, బండివాడు రెండోది అన్నాడు. ఒకరిద్దరు చెక్కకు చెవి ఆనించి కూడా చూశారు, ఏం వినబడుతుందనుకున్నారో మరి.

"తలకిందులుగా పెట్టామనుకో బాబాయ్..." అని మా నాన్న మాట మింగేశారు.

అప్పుడు పెద్దమ్మ మాట్లాడింది. మగవాళ్ళ మధ్య ఆమె గొంతెత్తడం నేను వినడం అదే మొదలు. గొంతు పెద్దదేం కాదు.

"మావయ్యా, ఆయన పదేళ్ళప్పుడు మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళు అందులోనే కాళ్ళు పెట్టుకు కూర్చుని నేశాడు. తరవాత రంగూన్ కొట్లో కూర్చున్నాడు. అన్నేళ్ళు కూర్చున్న మనిషిని ఇప్పుడు కూడా కూర్చోమంటారా? అత్తయ్య పక్కన కాళ్ళు చాపుకుని పడుకోనివ్వండి."

చిన్నతాతయ్యా నేతగాడే. అరుగు దిగేటప్పుడు రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, మూలిగి, మెల్లిగా దిగారు.

"లింగం మూత మీద పెట్టండి," అన్నారు. "గొయ్యి పొడుగు తీయించండి. నేనూ అదే చెబుదామనుకుంటున్నా, ఈలోగా అమ్మాయి అనేసింది."

పొడుగు తీయడానికి ఒకవైపు నాయనమ్మ ఉంది. రెండో వైపే తవ్వాలి. ఆ వైపు చోటు చిన్నతాతయ్య తన కోసం ఏనాడో అనుకుని, గుర్తుగా కొయ్య పాతించుకున్నది. పలుగు పట్టుకున్న మనిషి ఆ కొయ్య దగ్గర ఆగి ఆయన ముఖం కేసి చూశాడు.

"చూస్తావేంరా, పీకెయ్," అన్నారు.

పెద్దమ్మ కోరినట్టే పెదనాన్నను అత్తగారి పక్కన పడుకోబెట్టారు. చిన్నతాతయ్య మారేడు ఆకులు తన చేత్తోనే మూత మీద పరిచారు. అందరూ వెనక్కి మళ్ళాక, ఆయన ఆ కొయ్యను చంకలో పెట్టుకుని వరస చివరిదాకా నడిచి, ఇసుకలో తాను కూర్చోబోయే చోటు కొత్తగా వెతుక్కోసాగారు.