బందరు డాక్టరు నాతో చెప్పిన మాట

1938, ఆషాఢ మాసం. గుడివాడలో మా ఇల్లు. ఉన్నవారు: మా అమ్మ, నా తమ్ముడు, అవనిగడ్డ నుంచి వచ్చిన అతని మామగారు, మా పురోహితుడు, నేను. తలుపు వెనుక నా మరదలు, అంటే తమ్ముడి భార్య. వంటింట్లో నా భార్య.

ఆనాటి డైరీలో ఇంతవరకే ఉంది. నేనాడిన అబద్ధం రాయలేదు. ఏ రోజు వాన పడిందో, ఎవరు భోజనానికి వచ్చారో అన్నీ రాసుకునే మనిషిని, దీన్ని మాత్రం ఇన్నేళ్లుగా గుండెల మీద మోస్తున్నాను. ఇక మోయలేక మీతో చెబుతున్నాను.

ఆ వేసవిలో మా వీధిలో అందరికీ జలుబు, జ్వరం వచ్చి పోయాయి. మరదలికి జ్వరం తగ్గాక మెడ ముందు భాగం వాచింది. గుటక వేస్తే చెవిదాకా నొప్పి. గుండె దడ, చేతుల వణుకు. తర్వాత వాపు తగ్గింది గాని మనిషి మందగించింది. ఎండాకాలంలో చలి అనేది. కూర్చున్నచోటే నిద్రపోయేది. గాలి సోకిందన్నారు, సోమరితనమన్నారు.

అమ్మ మిషను ఆసుపత్రి గడప తొక్కనివ్వదు. బందరులో ఉన్న పిన్నిని చూసి వస్తామని చెప్పి, నా భార్యనూ మరదలినీ తీసుకువెళ్లి అక్కడి మిషను ఆసుపత్రిలోనే చూపించాను. డాక్టరు నాతో ఇంగ్లీషులో చెప్పాడు: ఆ జ్వరమే గొంతులోని థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసింది, మొదట అది తనలో ఊరిన రసమంతా ఒక్కసారిగా వదిలేసింది, ఇప్పుడు ఖాళీగా ఉంది, చాలామందికి కొన్ని నెలల్లో దానంతట అదే కోలుకుంటుంది. అలాంటి జ్వరాలకు వైరస్ కారణమని చాలాకాలం తర్వాత తెలుసుకున్నాను. కాని ఆ రోజు తెలిసినది చాలదా?

"జబ్బు కాదు అన్నయ్యగారూ," అంది ఆనాడు అమ్మ వియ్యంకుడితో. "రుబ్బడానికి కూర్చోబెడితే ఏది రోలో, ఏది కోడలో తెలీట్లేదు."

తమ్ముడు నవ్వాడు. మరదలి తండ్రి నా వైపు తిరిగాడు. "బాబూ, మీరు చదువుకున్నవారు. ఇది తగ్గేదేనంటారా? ఎవరికైనా చూపించారా అండీ?"

రెండు రోజుల్లో నాన్నగారి తద్దినం. ఎదురుగా పురోహితుడు. ఆసుపత్రి నీళ్లతో మందు తాగించానని తెలిస్తే ఆయన మా గడప తొక్కడు, అమ్మ నా ఇంట్లో ముద్ద ముట్టదు.

"లేదండీ. నాకేం తెలుసు," అన్నాను.

నోరు విప్పవద్దని నా భార్యకు ముందే చెప్పి ఉంచాను. మరదలికి ఆ మాట చెప్పలేదు. డాక్టరు తగ్గిపోతుందన్నాడని రైల్లో ఆమెతో నేనే అన్నాను. అయినా తలుపు వెనుక నుంచి ఒక్క మాట రాలేదు. నన్ను కాపాడిందా? లేక నేనే చెబుతానని ఎదురుచూసిందా? ఏది నిజమైనా నా సిగ్గు తగ్గదు.

పుట్టింటికి పంపాలని తేల్చారు. మళ్లీ పిలవరని అందరికీ తెలుసు. కోతల నాటికి ఆమె మునుపటి మనిషైందని కబురు వచ్చింది. అప్పటికే తమ్ముడికి రెండో పెళ్లి చేశాం. ముహూర్తం పెట్టించింది నేనే.

ఇది చెప్పినంత మాత్రాన నాకు క్షమాపణ దొరకదు, అడగను కూడా. చెప్పాను, అంతే. ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఆ అబద్ధం ఆడిన మర్నాడు ఉదయం కాలవ రేవుకు నేనూ వెళ్లాను. మరదలు పడవలో, మెడకు కొంగు చుట్టుకుని అటు తిరిగి కూర్చుంది. ఆమె తండ్రి పడవ ఎక్కబోతూ ఆగి, నాకు రెండు చేతులూ జోడించాడు.

"నిన్న అందరూ తలో మాటా అన్నారు బాబూ. మా పిల్లను మీరొక్కరే ఏమీ అనలేదు."

నేనూ చేతులు జోడించాను.