మా బండికి ఏమీ లేదు

మా ఇంట్లో ఒక పెద్ద బండి ఉంది. ఏడుగురు కూర్చోవచ్చని అమ్మినవాళ్లు చెప్పారు. నిజానికి ఐదుగురు కూర్చుంటారు, చివరి సీట్లో ఉన్న ఇద్దరు ఎగురుతుంటారు. అది ఎమ్మిగనూరులో మా వీధిలోకి వచ్చిన రోజు మా ఆయన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, వాళ్లమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి బండి ముందు నిలబెట్టాడు. "మా, ఇది నీకోసమే తెచ్చినా. ఇంక నువ్వు యాడికి పోవాలన్నా రాజాలాగ పోవచ్చు" అన్నాడు. మా అత్త కొంగుతో అద్దం తుడిచి చూసి, బాగుందంది.

మా ఆయనది చీరల వ్యాపారం. మగ్గాల వాళ్ల దగ్గర చీరలు, తువ్వాళ్లు తీసుకుని ఆదోని, పత్తికొండ అంగళ్లకు వేస్తాడు. సాయంత్రం ఇల్లు చేరాక టీ తాగుతూ ఫోను చూస్తాడు. ఆ బండి కొన్నవాళ్లంతా కలిసి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. పేరుకు అది బండ్ల గ్రూపు, చూస్తే ఆసుపత్రి వరండా. ఒకాయన బండి వెనక టకటకమంటుందట. ఇంకొకాయన బండి జనం ఎక్కగానే ఒక పక్కకు ఒరుగుతుందట. ఎక్కడో ఒకామె స్పీడ్ బ్రేకర్ వస్తే పిల్లల్ని దించి, ఖాళీ బండి దాటించి, అవతల మళ్లీ ఎక్కించుకుంటుందట. మా ఆయన ఇవన్నీ పైకి చదివి "పాపం" అంటాడు. అందరికీ ఓదార్పు మాటలు పంపిస్తాడు. ఆఖరున నా వైపు తిరిగి, "మన బండికి ఏం లేదబ్బా" అంటాడు.

మా బండి టకటక ఎదురింటివాళ్లకు వినిపించేది. అది విని ఆ ఇంటి కోడలు పొయ్యి మీద టీనీళ్లు పెట్టేది, మేమొస్తున్నామని. మా ఆయనకు ఒక్కడికే వినిపించేది కాదు. నేను గట్టిగా అంటే తప్పు రోడ్డుదనేవాడు. నల్లరేగడిలో వేసిన రోడ్డు, ఎండకు పగిలి వానకు ఉబ్బుతుంది, నిజమే. అదే రోడ్డు మీద ఆటోలో పోయినప్పుడు నా పళ్లు ఇంతగా ఎందుకు కొట్టుకోలేదని అడిగితే, "కుచ్చునేదానికి ఒక పద్ధతి ఉంటాది. నువ్వు బిగుసుకుని కుచ్చుంటావు" అనేవాడు. ఇంకొక్క మాటంటే అలిగేవాడు. అలిగితే కాఫీ ముట్టడు, పిలిస్తే పలకడు, పాత పంచె ముక్క తీసుకుని బండిని తుడుస్తూ ఉంటాడు. వ్యాపారంలో ఎవరెన్ని మాటలన్నా నవ్వుతూ పడే మనిషి, బండిని ఒక్క మాటంటే మాత్రం ఓర్చుకోలేడు. అందుకని మేమంతా నోరు మూసుకోవడం నేర్చుకున్నాం.

మధ్యలో ఆయనే ఒక వైద్యం కనిపెట్టాడు. "యెనక బరువు లేక ఎగురుతాంది, బరువేస్తే అణుగుతాది" అని, చీరల మూటలు తెచ్చి బండి వెనక నింపాడు. రెండు రోజులు నిజంగానే అణిగింది. తర్వాత అణగడమే తప్ప లేవడం మానేసింది. గుంత వస్తే వెనక ఇనుము ఇనుముకు తగిలి ధనామనేది. ఆ మూటల పక్కనే, చివరి సీట్లో, మా అత్త. ముందు సీటు నాది, మధ్య సీటు కిటికీల కోసం కొట్టుకునే మా ఇద్దరు ఆడపిల్లలది. "నాకు యాడైతే ఏముంది" అని ఆమె ఎప్పుడూ వెనక్కే పోయి కూర్చునేది.

మా అత్తకు ఆదోనిలో ఒక అక్క ఉంది, మాకు పెద్దత్త. తుంటి విరిగినప్పటి నుంచి ఆమె గడప దాటలేదు. కాబట్టి చూడాలంటే మా అత్తే పోవాలి. ఆదివారం వస్తే మమ్మల్ని తొందరపెట్టి బయల్దేరదీసేది. అక్కడ పెద్దత్త పక్కింటామెతో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేయించి పెట్టుకుని ఎదురుచూసేది. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని, ఎప్పుడో చచ్చిపోయిన చుట్టాల మీద చాడీలు చెప్పుకుని, ఒకరి జ్ఞాపకం తప్పని ఇంకొకరు పోట్లాడుకుని, సాయంత్రం కళ్లనీళ్లు పెట్టుకుని విడిపోయేవాళ్లు. ఇల్లు చేరాక మా అత్త నడుముకు ఉప్పు కాపడం పెట్టించుకునేది. ఏమైందంటే వయసైందనేది. "వయసు ఆదివారం ఆదివారమే వస్తుందా అత్తా?" అని నేను ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేది.

ఎండాకాలం తర్వాత ఆమె ఆదోని పోవడం మానేసింది. ఒక ఆదివారం తల బరువంది. ఒక ఆదివారం ఊరగాయ పని ఉందంది. ఆ తర్వాత సాకు చెప్పడం కూడా మానేసి, "ఈ వారం వద్దులే" అనడం మొదలుపెట్టింది. పెద్దత్త మొదట్లో రోజూ ఫోను చేసేది. తర్వాత ఒకనాడు నాతో, "మీ అత్తకు నేను బరువైనానేమో. ముసల్దాని కాడ ఏముందిలే" అని ఫోను పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు. మేము చేస్తే పక్కింటామె ఎత్తి, పడుకుందని చెప్పేది. మా అత్త రోజంతా ఆ ఫోను వైపే చూస్తుండేది. నాకు కోపమూ వచ్చేది, బాధా అయ్యేది, కారణం మాత్రం అర్థమయ్యేది కాదు.

దసరా ముందు మా ఆయన మెట్లు దిగుతూ ఎడమకాలు బెణికించుకున్నాడు. క్లచ్ తొక్కలేడు. ఆదోని అంగళ్లకు సరుకు చేరవేయాలి. నేను బండి నేర్చుకుని అప్పటికి కొన్నాళ్లే అయింది. నా చేతికి తాళాలిచ్చేటప్పుడు ఆయన ముఖం చూసి ఉంటే, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నాడనుకునేవాళ్లు. కట్టు కట్టిన కాలు చాచుకోవడానికి చివరి సీటే అనువుగా ఉంటుందని వెనక ఎక్కాడు.

ఊరి బయట మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే కేక వినిపించింది.

"నిదానంగా పో మే! నెత్తి తగిలింది."

"నిదానంగానే పోతాండా. రోడ్డు అట్లుంది" అన్నాను.

కొంత దూరం పోయాక ఒక గుంత. ఈసారి నడుం పట్టుకున్నాడు.

"ఏందిది, ఇట్ల కొడతాంది?"

"కుచ్చునేదానికి ఒక పద్ధతి ఉంటాదంట" అన్నాను. అబద్ధం ఎందుకు, చాలా హాయిగా అనిపించింది. అద్దంలో చూస్తూ నవ్వుకున్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగి, సీటు అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. అలిగాడనుకున్నాను. సగం దారి దాటాక మెల్లగా అడిగాడు.

"అమ్మ ఎప్పుడూ ఈ సీట్లోనే కదా కుచ్చునేది?"

నా నవ్వు పోయింది. ఉప్పు కాపడం, ఆదివారాలు, ఊరగాయ సాకు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అవునన్నాను.

అంగళ్లకు సరుకు వేసి, బండిని నేరుగా మెకానిక్ దగ్గరికి పోనిచ్చాం. అతను బండి కిందికి దూరి చూసి, వెనక బరువు మోసే కమాన్ పట్టీ ఒకటి విరిగిందని, షాకబ్జర్లు రెండూ పోయాయని చెప్పాడు. "ఇంత బరువు యేసుకొని యెట్ల తిప్పినారన్నా?" అన్నాడు. అన్న ఆకాశం చూశాడు. ఆ రోజు సాయంత్రం గ్రూపులో అందరికంటే పొడుగైన ఫిర్యాదు మా ఆయనదే. ఊరు పేరు తెలియనివాళ్లంతా "పాపం" అని పంపించారు.

బండి బాగై వచ్చి, కాలు కూడా నయమైన ఆదివారం ఆయన వాళ్లమ్మ ముందు నిలబడి, "ఆదోనికి పోదాం పా మా. బండి బాగు చేయించినా. నేనే యెనక కుచ్చోని సూసినా" అన్నాడు. ఆమె కొడుకు ముఖంలోకి కాసేపు చూసి, లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. ముందు సీట్లో కూర్చోబెట్టాం. ప్రతి గుంతకూ ఆయన "కుదిపిందా మా?" అని అడగడం, ఆమె "రోడ్డు సూడు నాయనా" అనడం. ఊరు చేరేలోపల ఆ ప్రశ్నతోనే ఆమెకు తలనొప్పి వచ్చి ఉంటుంది.

పెద్దత్త మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కూడా తిరగలేదు. ఉగ్గాని లేదు, బజ్జీలు లేవు.

"యాడికి పోయినావు మే, ఇన్నినాళ్లు?" అని గోడను అడిగింది.

"బండి బాగలేకుండె అక్కా. శానా కుదుపుతాండె. నడుం పట్టుకుంటాండె."

ఆ మాట ఆమె నోట మొదటిసారి విన్నాం. మా ఆయన పండ్ల సంచితో అప్పుడే గడపలోకి వచ్చాడు. మా అత్త ఆయన్ని చూడలేదు.

పెద్దత్త మెడ గిర్రున తిప్పింది. "బండి బాగలేకుంటే బస్సు ల్యాదా? నన్ను సూడాలని ఉంటే బస్సుకు రాకూడదా?"

"రావచ్చు."

"మరి యేంటికి రాలేదు?"

"వాడు నాకోసమని కొనినాడు అక్కా. బండి వాకిట్లో పెట్టుకుని నేను బస్సెక్కితే, వాని మనసుకు యెట్లుంటాది?"

మా ఆయన సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. నేను ఆటపట్టించడం మాని, ఆయన చేతిలోని సంచి అందుకున్నాను. పెద్దత్త కాలును రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టుకుని, మంచం మీద చోటిచ్చింది.