అమావాస్య నాడు ఆడిన మగ్గాలు

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీ అందరికీ నా వందనాలు. ఈ చోట నిలబడి సాక్ష్యం చెప్పినవాళ్ళలో కొందరిని దేవుడు తాగుడు నుంచి విడిపించాడు, కొందరిని డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బు నుంచి లేపాడు. వాళ్ళ పక్కన నా సంగతి చిన్నదిగానే కనిపిస్తుంది, ఎందుకంటే దేవుడు నన్ను విడిపించింది అబద్ధం నుంచి! చిన్నదని అంటున్నానే గానీ, అందులో ఉన్నన్నాళ్ళూ నాకు తిన్న అన్నం ఒంటబట్టలేదు, మా అమ్మ ముఖం సూటిగా చూసి మాట్లాడింది లేదు.

మాది ధర్మవరం. నాయన నా చిన్నప్పుడే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోతే, అమ్మ మగ్గాల ఇళ్ళకు తిరిగి దారాలు అతికి నన్ను చదివించింది. ఆ పని తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి, వేల పోగులుంటాయి, నడుము వంచి కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచే పని లేదు. అట్లాంటి అమ్మ కూతురికి హిందూపురంలో ఎంబీఏ సీటు వచ్చింది! ఇంటర్నేషనల్ బిజినెస్ తీసుకున్నాను. మా వీధిలో నేసిన పట్టుచీర సముద్రం దాటి ఎట్లా పోతుందో తెలుసుకోవాలని ఆశ, అంతకు మించి నాకేమీ తెలియదు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు ఆ ప్యాసింజరు రైల్లోనే ఉంటుంది. పొద్దున్నే అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా, అందులో రొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగల పచ్చడి, డబ్బా మూత తీస్తే పెట్టె అంతా వాసన, ఎదుటి సీటు అవ్వ సిగ్గుపడకుండా చెయ్యి చాపి అడిగి పెట్టించుకునేది. మొదటి సంవత్సరం అట్లా సంతోషంగానే గడిచిపోయింది, వెనక బెంచీలో కూర్చుని రాసుకునేదాన్ని, పరీక్షల్లో కష్టపడి పాసయ్యేదాన్ని.

రెండో సంవత్సరం మొదట్లో సెమినార్ వచ్చింది. నా వంతుకు లెటర్ ఆఫ్ క్రెడిట్ పడింది, పొట్టిగా ఎల్సీ అంటారు, అంటే పరదేశంలో సరుకు కొనేవాడి తరఫున వాడి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం. తెలుగు మీడియంలో చదివినదాన్ని, ఇంగ్లీషులో మొత్తం బట్టీ పట్టి వెళ్ళాను, లేచి నిలబడ్డాను, అరవై మంది ముఖాలు చూశాను, అంతే! "సార్, ఐ యామ్ లెటర్ ఆఫ్ క్రెడిట్" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. ఇప్పుడు చెప్తుంటే నాకూ నవ్వొస్తోంది, మీరూ నవ్వండి, ఫరవాలేదు. కానీ ఆ రోజు నుంచి నేను కాలేజీ గేటు దగ్గరికి వస్తే చాలు "ఎల్సీ వస్తాండాది చూడప్పా" అనేవాళ్ళు, నేను తల వంచుకుని వెనక బెంచీకి పోయి కూర్చునేదాన్ని.

ఒక రోజు రైలు పెనుకొండలో ఆగింది. హిందూపురం దాకా పోవలసినదాన్ని అక్కడే దిగిపోయాను. సాయంత్రం దాకా స్టేషన్ బెంచీ మీద కూర్చుని తిరుగు రైలెక్కి ఇంటికి వచ్చేశాను. ఆ ఒక్క రోజే అనుకున్నాను, కానీ మరుసటి రోజు దిగడం ఇంకా సులువైంది! వారానికి ఒకసారి కాలేజీలో ముఖం చూపించడం, మిగతా రోజులన్నీ పెనుకొండ! సీతాఫలాలమ్మే ఆమె ఒకసారి అడిగేసింది, "ఏమ్మా, దినామూ ఈడనే దిగుతాండావు, నీ కాలేజీ యాడుండాది?" అని. ఆమెకూ ఒక అబద్ధం చెప్పాను. ఇంటికి వస్తే అమ్మ "ఈ పొద్దు ఏం జెప్పినారు పాపా?" అని అడిగేది, ఏం చెప్పారో కల్పించి చెప్పేదాన్ని. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలూపుతూ వినేది. ఆ తలూపడం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఏడుపు ఆగదు.

మా సంఘంలో ఉపవాస ప్రార్థన అమావాస్య నాడు జరిగేది. కొత్తగా వచ్చినవాళ్ళు క్రైస్తవులకు అమావాస్యేమిటని కంగారు పడేవాళ్ళు! ధర్మవరంలో అమావాస్య నాడు మగ్గం ఆడదు, అది అక్కడి పాత కట్టుబాటు, మా విశ్వాసుల్లో సగం మంది మగ్గాల పని మీద బతికేవాళ్ళే గనక అందరికీ తీరిక దొరికేది ఆ రోజే. "సెలవు ఎవరిచ్చినా ప్రార్థనకు పనికొస్తుందమ్మా" అనేవారు మా పాస్టరుగారు. అట్లాంటి ఒక అమావాస్య నాడు, కాలేజీకి సెలవని చెప్పి నేను కూడా వెళ్ళాను. అమ్మ లేచి నిలబడి, నా బిడ్డ దేవుని దయవల్ల హిందూపురంలో బాగా చదువుకుంటోందని సాక్ష్యం చెప్పింది, అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను!

ఆ అమావాస్యకు ముందే మాకు ప్రాజెక్టు ఇచ్చి ఉన్నారు. ధర్మవరం నేతగాళ్ళను యాభై మందిని కలిసి, పట్టుచీరల ఎగుమతి గురించి అడిగి, ఫారాలు నింపి తేవాలని ప్రాజెక్టులు చూసే మేడం చెప్పారు. మా వీధే, మా మనుషులే, కానీ అడగడానికి పోతే కాలేజీ సంగతులు బయటికొస్తాయని భయం. పెనుకొండ బెంచీ మీద కూర్చుని యాభై ఫారాలూ నేనే నింపేశాను, పేర్లు నేనే, వయసులు నేనే, కొన్ని సంతకాలు ఎడమ చేత్తో! ఎగుమతి వ్యాపారంలో ఒక పాఠముంది, బ్యాంకువాళ్ళు కాగితాలే చూస్తారు, పెట్టె విప్పి సరుకు చూడరు. నేనూ కాగితాలే సరిగ్గా పెట్టుకున్నాను.

రిపోర్టు రాయడం అయ్యాక, అమ్మ సంతోషపడుతుందని తెలుగులో చదివి వినిపించాను. ఫలానా తేదీన మా వీధిలో నలభై మగ్గాలు ఆడుతుండగా చూశానని చదివాను. అమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఏ తేదీ అన్నావు పాపా? ఆ పొద్దు అమావాస్య గదా. మగ్గం యాడ ఆడినాది? నువ్వూ నేనూ మందిరంలో ఉంటిమి. నేను నీ గురించి సాక్ష్యం జెప్పింది ఆ పొద్దే."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

తర్వాతి అమావాస్య వచ్చింది. సాక్ష్యాల సమయంలో అమ్మ లేచింది. చీర కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. "తండ్రీ, పోయిన అమావాస్యకు నీ సన్నిధిలో నిలబడి నా బిడ్డ బాగా సదువుకుంటాండాదని జెప్పినా. అది నేను కండ్లారా సూసింది కాదు, ఇని జెప్పింది. తప్పు జెప్పింటే నన్ను క్షమించయ్యా. నా బిడ్డను ఏమీ అనొద్దు, సాక్ష్యం జెప్పింది నేను."

అయ్యో, నేను చేసిన పాపానికి క్షమాపణ అడుగుతున్నది మా అమ్మ! నాలో ఏదో తెగిపోయింది సహోదరులారా, అరవై మంది ముందు నోరు పెగలని నేను మందిరం నిండా జనం ఉండగా లేచి గట్టిగా ఏడ్చాను. "యేసయ్యా, అబద్ధం జెప్పింది మా అమ్మ కాదు, నేను! నేను కాలేజీకి పోవడం ల్యా. పెనుకొండలో దిగి కూర్చుంటాండా. ఆ ఫారాలన్నీ నేనే రాసినా. నాకు భయం ప్రభువా, నాకు నోరు రాదు, నన్ను విడిపించు!" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అమ్మ వచ్చి నన్ను పట్టుకుంది. నెలల తరబడి గుండె మీద ఉన్న బండ ఆ పూట దిగింది, దేవునికే మహిమ!

మరుసటి రోజు రైలు పెనుకొండలో ఆగింది, నేను సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను, హిందూపురంలో దిగాను, మేడంకు అంతా చెప్పాను. ఆమె ఖాళీ ఫారాలు నా చేతికిచ్చి, "మళ్ళీ చేసుకురా, నిజంగా చేసుకురా" అన్నారు. దేవుడు క్షమించాడు గానీ అటెండెన్సు మాత్రం ఇవ్వలేదు! హాజరు చాలక ఒక సెమిస్టరు వెనకబడ్డాను, నాతోటివాళ్ళు పట్టాలు పుచ్చుకుంటుంటే నేను జూనియర్లతో కూర్చున్నాను. అమ్మతో పాటు ఇల్లిల్లూ తిరిగాను, ఆమె దారాలు అతుకుతుంటే నేను పక్కన కూర్చుని అడిగి రాసుకున్నాను. "ఏమ్మా, మీ అమ్మ పని నేర్చుకుంటాండావా, మా పని రాసుకుంటాండావా?" అని ఒక పెద్దాయన ఎగతాళి చేశాడు. ఆ నెలరోజులు నా జీవితంలో అన్నిటికంటే తియ్యటివి.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, విదేశీ ఆర్డరు వస్తే నెలకు ఎన్ని రోజుల పని లెక్క వేసుకుంటావని అడిగాడు. ఆ అరవై ముఖాలు మళ్ళీ గుర్తొచ్చాయి. ప్రభువా అనుకున్నాను. తర్వాత నాకొచ్చిన వంకర ఇంగ్లీషులోనే, ధర్మవరంలో అమావాస్యకు మగ్గం ఆడదని, కొత్త పడుగు అతికే రోజు కూడా నేత ఉండదని, ఈ రోజులు లెక్కలోంచి తీసేయకుండా గడువు ఒప్పుకుంటే సరుకు ఓడ అందుకోలేదని చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి విన్నాడు. పాసయ్యాను. ఈ రోజు హిందూపురంలో ఒక బట్టల కంపెనీలో ఎగుమతి కాగితాలు చూసే ఉద్యోగం చేస్తున్నాను, సంతకం పెట్టే ముందు పెట్టె దగ్గరికి నడిచి వెళ్ళి సరుకు చూసి వస్తాను.

మీలో చదువుకునే పిల్లలున్నారు, పిల్లల్ని నమ్ముకున్న తల్లులున్నారు. మీరు దాచింది ఏదైనా సరే, దేవుడు దాన్ని చూసి కూడా మిమ్మల్ని ప్రేమించాడు. ఈ పూటే ఆయనకు చెప్పండి, తర్వాత మీవాళ్ళకు చెప్పండి, ముందు సిగ్గేస్తుంది, ఆ తర్వాత నిద్ర పడుతుంది. నన్ను నిజంలో నిలబెట్టిన నా తండ్రికి కోట్ల స్తోత్రాలు.

మా అమ్మ అదిగో, ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో కూర్చుని ఉంది. నేను చెప్పిన దాంట్లో ఒక్క మాట ఎక్కువైనా, తక్కువైనా ఆమె ఈపాటికి లేచి నిలబడేది. చూడండి, తలూపుతోంది.