చెల్లెలికి నేను కలిపిన రెండేళ్లు

హోసూరుకు కంపెనీలొచ్చి పల్లెల బతుకులు పాడయ్యాయని ఎవరైనా నిట్టూరిస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాడవడానికి ముందు అక్కడేమున్నదని? మా ఇంట్లో రోజూ పొయ్యిమీద అన్నం ఉడికింది కంపెనీ జీతంతోనే. గుడిసె పోయి మిద్దె లేచింది దాంతోనే. అమ్మ కంటికి ఆపరేషన్ అయిందీ దాంతోనే. కానీ కంపెనీలొచ్చాక అందరం బాగుపడ్డామని ఎవరైనా పొంగిపోతూ మొదలుపెడితే మాత్రం అక్కడ కూర్చోలేను. ఆ ‘అందరం’లో నా చెల్లెలు లేదు. లేకపోవడానికి కారణం కంపెనీ కాదు, సర్కారు కాదు, నేను. ఇన్నేళ్లూ ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

మాది తమిళనాడు సరిహద్దులో, హోసూరు పక్క బేరిగై దగ్గర పది పదిహేను ఇళ్ల పల్లె. నాయనకు ఒక చిన్న గొర్రెల మంద ఉండేది. పొద్దున్నే బీళ్లమీదికి తోలుకుపోతే సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. అమ్మ రాగి చేలల్లో కలుపు కూలికి పోయేది. నాకంటే ఐదేళ్లు చిన్నదైన చెల్లెల్ని అవ్వ చూసుకునేది. నేను మూడో తరగతిలో ఉండగా అవ్వ చనిపోయింది. దినాలు అయిన మర్నాడే అమ్మ నా పలక తీసి అటకమీద పెట్టేసింది.

“రేపట్నుంచి బడి లేదు, గిడి లేదు. బిడ్డను ఎవురు చూస్తారు? నన్ను ఇంట్లో కూర్చోమంటావా, నీ నాయన్ను గొర్లు వదిలేసి రమ్మంటావా?”

అమ్మ మాటలో తప్పేమీ లేదు. కానీ నాకు బడి అంటే పిచ్చి. నోటి లెక్కల్లో అందరికంటే ముందు చెయ్యెత్తేదాన్ని. పైగా మధ్యాహ్నం అక్కడ వేడివేడి అన్నం, సాంబారు పెట్టేవాళ్లు. మా ఇంట్లో అన్నమంటే పండగపూట మాట, మిగతా రోజులన్నీ రాగి సంగటే. మర్నాడు చెల్లెల్ని చంకనేసుకొని నేరుగా బడికే పోయాను. అయ్యవారు గుమ్మంలోనే ఆపేశారు.

“ఇది బడి తల్లీ. ఉయ్యాల కట్టేదానికి లేదు ఈడ. పేరు రాసిన పిల్లోళ్లే లోపల కూర్చోవాల.”

పేరు రాయాలంటే ఐదేళ్లు నిండాలి. దానికి నిండింది మూడే. పుట్టిన తేదీ కాగితాలు ఎవరింట్లోనూ ఉండేవి కావు కాబట్టి అయ్యవారికి ఒక పరీక్ష ఉండేది. పిల్ల కుడిచెయ్యి నడినెత్తి మీదుగా పోయి ఎడమచెవిని అందుకోవాలి. అందితే ఐదేళ్లు, అందకపోతే వచ్చే ఏడు రమ్మనడం. నేను ఇంటికొచ్చి, గొర్రెల దొడ్డి వెనక దాన్ని కూర్చోబెట్టి, నాలుగు రోజులు ఆ చెయ్యి లాగాను. అది కెవ్వుమని ఏడ్చేది. ఎంత లాగినా వేళ్లు చెవికి రెండంగుళాల దూరంలో ఆగిపోయేవి. చివరికి నాకే తట్టింది, చెయ్యి సాగకపోతే తల వంచితే పోలా అని.

ఐదో రోజు అయ్యవారి ముందు దాన్ని నిలబెట్టి, వెనకనుంచి తలను మెల్లగా పక్కకు నొక్కాను. వేళ్లు చెవి కొసకు తగిలాయి.

“ఎన్నేండ్లు మేయ్ దీనికి?”

“ఐదు నిండినాయి అయ్యోరా.”

“ఐదా! ముక్కు తుడుచుకొనేది కూడా రాలేదే దీనికి?”

“తిండి చాల్లేదు అయ్యోరా. అందుకే పొట్టిగా ఉండాది.”

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. మా ఇద్దర్నీ చూసి, రిజిస్టరు తెరిచి రాసేశారు. మా పల్లె పిల్లలందరూ బడి తెరిచే జూన్ నెలలోనే పుట్టినట్టు రాయడం ఆయన అలవాటు. నాదీ అట్లా రాసిందే. నా అబద్ధం ఆయనకు తెలియక కాదు, ఒక కడుపు నిండుతుందిలే అనుకొని ఉంటారు. ఇంటికొచ్చి చెప్తే అమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకొని నవ్వింది. “అమ్మ దొంగా! అయ్యోరికే టోపీ పెట్టినావా!” ఆ తర్వాత చుట్టాలొచ్చినప్పుడల్లా ఈ కథ చెప్పుకొని పడీపడీ నవ్వేవాళ్లం. చెల్లెలే లేచి, చెయ్యి నెత్తి మీదుగా తిప్పి, తల వంకర పెట్టి చూపించేది.

మూడేళ్ల పిల్లకు ఒకటో తరగతి ఏమర్థమవుతుంది? అన్నం తినేది, గోడవారన పడి నిద్రపోయేది. అయ్యవారు దాన్ని మూడేళ్లు ఒకటో తరగతిలోనే ఉంచారు. నేను ఐదు ముగించి బేరిగై బడికి వెళ్లేనాటికి అది రెండుకు వచ్చింది. ఇంట్లో దానికి ఆరు, రిజిస్టరులో ఎనిమిది. ఆ తేడా ఎవరం పట్టించుకోలేదు. పెద్దవానకు కుంట తెగిన ఏడు పుట్టింది, అంతే, మాకు ఆ లెక్కే తెలుసు.

తొంభైల మొదట్లో నేను ప్లస్ టూ పాసయ్యాను. హోసూరులో కొత్త కంపెనీలు లేస్తున్న రోజులవి. చిన్న చిన్న పరికరాలు కూర్చే ఒక కంపెనీ పల్లెటూరి అమ్మాయిల్ని తీసుకుంటుందని విని వెళ్లాను. సన్నటి పట్టకారుతో ఆవగింజంత స్క్రూలు ఏరి గుంటల్లో పెట్టాలి, అదే పరీక్ష. పాసయ్యాను. నీలం కోటు, ఏసీ గది, మొదటి తేదీకల్లా జీతం. మొదటి జీతానికి నేను బియ్యం తెస్తే, పండగ కాని రోజున అన్నం తినడానికి అమ్మకు జంకు పుట్టింది. పక్కింటికి గిన్నెడు పంపించాకగానీ ముద్ద నోట పెట్టలేదు.

అదే కాలంలో నాయన గొర్రెలు మేసే బీళ్లకు కంచె పడింది. లోపల పొడుగాటి ప్లాస్టిక్ కప్పులు, వాటికింద విదేశాలకు పోయే గులాబీలు. నాయన మందను అమ్మేసి, వారం రోజులు ఉత్త కర్ర పట్టుకొని ఊరంతా తిరిగాడు. “నేనుండానుగా నాయనా. చెల్లి కూడా కంపెనీలో చేరిపోతే ఇంక మనకేం దిగులు?” అని చెప్పేదాన్ని. మిద్దె కట్టడానికి లోను కూడా ఆ ధైర్యంతోనే తీశాను.

చెల్లెలికి అదే ధ్యాస. ఆదివారం నా నీలం కోటు తొడుక్కొని అద్దం ముందు నిలబడేది. దాని వేళ్లు నా వేళ్లకంటే ఎంతో మేలు. మంద ఉన్న రోజుల్లో గొర్రె గిట్టలో నాయన కంటికి ఆనని ముల్లును అది తడిమి లాగేసేది. ప్లస్ టూలో ఇంగ్లీషు తప్పితే నేను నానా మాటలూ అన్నాను. ఏడుస్తూనే మళ్లీ చదివి మరుసటేడు పాసయింది. సరిగ్గా అప్పుడే మా కంపెనీ కొత్తవాళ్లను పిలిచింది. ప్లస్ టూ పాసై ఉండాలి, ఇరవై నిండకూడదు. దీనికి పద్దెనిమిదే కదా అని ఎగిరి గంతేసి ఫారం తెచ్చిచ్చాను. పుట్టిన తేదీ అనే గడిలో అది సర్టిఫికెట్ చూసి దించేసింది. నోటి లెక్కల్లో మొనగత్తెను నేను, ఒక్కసారి తీసివేత చేసి చూడలేదు.

ఆ పట్టకారు పరీక్ష రోజు నాకు పగలు షిఫ్టు. హాలు నిండా అమ్మాయిలున్నారని, అందరికంటే ముందు మా చెల్లెలు ముగించిందని సూపర్‌వైజరు మా లైను దగ్గరికొచ్చి మరీ చెప్పాడు. “చెయ్యా అది, మిషనా అమ్మా?” అన్నాడు. నేను పొంగిపోయి లైనంతా చాటాను. టీ విరామంలో ఆఫీసు అటెండరు వచ్చాడు. “మీ చెల్లికి వయసు దాటిపోయిందంటమ్మా. లోపల ఆఫీసరు సర్టిఫికెట్ చూస్తా ఉండాడు.”

టీ గ్లాసు కింద పెట్టేశాను. అప్పుడు చేశాను ఆ తీసివేత. సర్టిఫికెట్ ప్రకారం ఇరవై నిండి మూడు నెలలు.

ఆఫీసు గది దాకా పరుగెత్తాను. అద్దం తలుపు. లోపల చెల్లెలి వీపు, కొత్త రిబ్బను కట్టిన జడ కనిపిస్తున్నాయి. ఆఫీసరు కాగితం పట్టుకొని ఏదో అడుగుతున్నాడు. తలుపు తోసి, ‘సార్, ఆ తేదీ తప్పు, చిన్నప్పుడు నేనే అబద్ధం చెప్పించి రాయించాను’ అంటే చాలు. చెయ్యి తలుపు మీద వేశాను కూడా. మరి నీ తేదీ ఎవరు రాశారమ్మా అని ఆయన అడిగితే? అదే అయ్యవారు, అదే జూన్ నెల. నా అసలు వయసు ఎంతో నాకే రూఢిగా తెలియదు. మిద్దె గోడలు సగం లేచి ఉన్నాయి. టీ విరామం ముగిసిన గంట మోగింది. చెయ్యి తీసేసి, వెళ్లి లైనులో కూర్చున్నాను.

సాయంత్రం గేటు దగ్గర అది నాకోసం కాచుకొని ఉంది. “వయసు దాటిపోయిందంటక్కా. పోనీలే” అంది. నేనేమన్నానో తెలుసా? “పోయినేడు ఆ ఇంగ్లీషు పాసై ఏడ్చి ఉంటే ఈ గతి పట్టునా?” అన్నాను. పాపిష్టి నోరు నాది. అది బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నెల తిరక్కుండానే గులాబీ తోటలో కూలికి చేరింది. ముళ్లు గీకడం, కట్టలు కట్టడం. గ్లౌజులతో పని నిదానమవుతుందని మేస్త్రీ కసిరితే వట్టి చేతులతోనే చేసేది. మందు కొట్టిన తడి ఆరకముందే లోపలికి పోవాలి. వేళ్ల తోలు ఊడొచ్చేది. రెండేళ్ల తర్వాత కల్లావిలో ఒక చిన్న రైతుకిచ్చి పెళ్లి చేశాం. మంచివాడే, కానీ వానను నమ్ముకున్న చేను. బోరు వేస్తే దుమ్మొచ్చింది. ఏడాదిలో ఆరు నెలలు ఆయన బెంగుళూరులో కట్టుబడి పనికి పోవాల్సిందే. నేను స్కూటరు కొన్నాను, గ్యాస్ పొయ్యి కొన్నాను. పండగకు దానికి చీర పంపించి, చేయాల్సింది చేసేశానని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మా లైనే ఎత్తేశారు. మేం కూర్చే సరుకు బయటి దేశాల నుంచి చవగ్గా దిగుతోందట. ఇష్టపూర్వకంగా ఉద్యోగం వదులుకుంటున్నట్టు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఇష్టమంట, ఇష్టం! పెట్టాను. ఆ వారమే కృష్ణగిరిలో బస్సు మారి, ఊత్తంగరైలో ఇంకో బస్సెక్కి, చెల్లెలి ఇంటికి పోయాను. ఇంకెవరి దగ్గర ఏడుస్తాను?

మధ్యాహ్నం అది సంగటి చేసి, నాటుకోడి పులుసు పెట్టింది. కంచం ముందు కూర్చొని నేను వలవలా ఏడ్చాను. అది విసనకర్రతో విసురుతూ అంతా విని, ఒక మాట అడిగింది.

“ఇంక ఆ కంపెనీతో నీకు ఏమీ లేదు గదా?”

“ఏముండాది? సంతకం పెట్టేసినాను.”

“అయితే చెప్తా. ఆపొద్దు ఆ ఆఫీసరు మంచాయనక్కా. ఇది నిజం తేదీనా పాపా, పల్లెబడుల్లో ఏదో ఒకటి రాసేస్తారు, మీ అమ్మానాయనల్ని పిల్చుకొని రా, డాక్టరు దగ్గర వయసు కాగితం తీసుకొని సరిచేసుకుందాం అన్న్యాడు.”

నాకు ఏడుపు ఆగిపోయింది. “నువ్వేమన్నావు?”

“నిజం తేదీనే సార్ అన్నాను.”

“ఎందుకే? ఎందుకట్ల చెప్పినావు?”

“నాది తవ్వితే నీదీ తవ్వుతారు గదా. ఇద్దరికీ రాసింది ఒక అయ్యోరే. లోను తీసుకొని ఇల్లు మొదలుపెట్టిండావు. యాడనో ఉండే నా పనికోసం చేతిలో ఉండే నీ పని పోగొడతానా?”

“నాకు చెప్పుండచ్చు గదే అప్పుడే!”

“చెప్తే నువ్వు ఊరుకుంటావా? నీ సంగతి నాకు తెలీదా! తలుపు తోసుకొని లోపలికి పోయి, నేనే అబద్ధం చెప్పినా సార్, నా చెల్లెలికి పని ఇయ్యండని అరిచేసేదానివి. నువ్వు యాడ వచ్చేస్తావోనని భయపడి గబగబా బయటికొచ్చేసినా.”

ఆ మాట చెప్తున్నప్పుడు దాని మొహంలో ఎంత గర్వమో. అక్క అంటే అట్లాంటిదని ఇన్నేళ్లూ నమ్మింది. అద్దం తలుపు సంగతి నా నోటిదాకా వచ్చింది. అది విసనకర్ర పక్కనపెట్టి నావైపే చూస్తోంది.

“అవునే, అరిచేసేదాన్నే” అన్నాను.

అది నవ్వింది. నా కంచంలో ఇంకో ముద్ద పెట్టి, పులుసు పోసింది. తిన్నాను.