సింహాచలం బాబాయి చూసిన పొగ

మొన్న మా ఊరి టోకు బజారు వ్యాపార్ విహార్‌లో ఆటో దిగేసరికి బంకు ముందు లారీలు రోడ్డు చివరిదాకా బారులు తీరి ఉన్నాయి. ఎక్కడో గల్ఫులో మళ్ళీ యుద్ధమని, చమురు ఓడలు ఆగిపోయాయని, రేపటి నుంచి డీజిలు దొరుకుతుందో లేదోనని అందరికీ భయం. ఎండకు కాగిన రోడ్డు మీద ఒలికిన డీజిలు వాసన గుప్పుమంది. నాన్న చొక్కా వాసన అది.

నాన్న ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో, కట్నీ లైనులో గూడ్సు బండ్లకు డ్రైవరు. డీజిల్ ఇంజను దిగి ఇంటికొస్తే ఆయన చొక్కాకు, టిఫిన్ క్యారేజీకి, పెండ్రా రోడ్డు స్టేషన్లో మాకోసం కొన్న సీతాఫలాల సంచికి కూడా అదే వాసన ఉండేది. సాయంత్రమయ్యేసరికి రైల్వే క్వార్టర్ల వరస అంతా సిగిడీలు, అంటే బొగ్గుల కుంపట్లు, గుమ్మాల ముందుకొచ్చేవి. బొగ్గు అంటుకోవడానికి అమ్మ చిలకరించే కిరసనాయిలు భగ్గుమని, ఆ పైన లేచిన పొగ చలికాలంలో ఎటూ పోలేక నేల మీదే పాకుతుంటే, కళ్ళు నులుముకుంటూ మేమందులోనే తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. తీజ్ పండగకు పక్కింటి ఛత్తీస్‌గఢీ అమ్మ ఠేఠరీ, ఖుర్మీ అనే పిండివంటలు పళ్ళెంలో పెట్టి పంపితే, చవితినాడు ఆ పళ్ళెంలోనే మా ఇంటి ఉండ్రాళ్ళు తిరిగి వెళ్ళేవి.

అమ్మ చెల్లెలు చిట్టి పిన్ని, ఆవిడ భర్త సింహాచలం బాబాయి మా వెనక వరండాకు తడిక కట్టుకుని మాతోనే ఉండేవారు. బాబాయి వెల్డరు, విజయనగరం వైపు పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు. ఇనప ఊచ ముక్క దొరికితే చాలు, మాకు దొర్లించుకునే చక్రం చేసిచ్చేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు; నా జడలు పిన్నే వేసేది. ఇక్కడ పని ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ కావడంతో, ఊరివాళ్ళతో కలిసి బాబాయి కువైట్ వెళ్ళాడు, చమురు గొట్టాలు అతికే పనికి. మొదటి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన ఖర్జూరాలు, సబ్బులు పిన్ని క్వార్టర్లన్నిటికీ పంచింది. కొన్నాళ్ళు వీధి కుళాయి దగ్గర అందరి ఒళ్ళూ ఒకటే పరిమళం.

ఆ తర్వాత వానాకాలంలో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించుకుంది. పిన్ని రేడియో ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వార్తలైపోయి పాటలొస్తున్నా ఆపేది కాదు. రేషను షాపు దగ్గర కిరసనాయిలు వరస పొడవు పెరిగింది. యుద్ధం మూలంగా మనకీ తిప్పలొచ్చాయని ఆడవాళ్ళు విసుక్కుంటుంటే, డబ్బా పట్టుకుని నా పక్కన నిలబడ్డ పిన్ని తల ఎత్తేది కాదు.

దీపావళికి ముందు బాబాయి వచ్చాడు. చిక్కి సగమైపోయి, ఎవరిదో చొక్కా వేసుకుని, ఎడారిలో గుడారాల్లో పడుకుని, ఎవరో పెట్టిన రొట్టెలు తిని, విమానమెక్కి వచ్చాడు. అమ్మ స్టవ్వు మీద టీ పెడుతుంటే అడిగాను, వాళ్ళెందుకు కొట్టుకుంటున్నారని.

"ఆ స్టవ్వులో ఏటి పోసింది మీ అమ్మ?" అన్నాడు. "అదేనే గుంటా. అది కావాలి అందరికీ. ఎవళ నేల కింద ఉందో ఆళ్ళకి నిద్దరుండదు."

ఇంక గట్టెక్కామనుకున్నాం. యుద్ధం ఆగాక ఏజెంటు మళ్ళీ కబురు పెట్టాడు. పిన్ని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఎల్లొద్దు. గంజి తాగైనా ఇక్కడే ఉందాం."

"గంజికైనా పనుండాలి కదా చిట్టీ? పగిలిన గొట్టాలన్నీ అతకాలంట. బేగి వచ్చేస్తాను."

వెళ్ళాక ఒకసారి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేశాడు. ఆ మాటలే పిన్ని ఇంటికొచ్చి అమ్మకు చెప్పింది: "ఇరాకోళ్ళు నూనె బావులన్నీ అంటించేసి పోనారంటక్కా. మిట్టమజ్జాన్నం దీపాలెట్టుకుని పని సేస్తన్నారంట. ఆరేసిన బట్టల మీద నల్లటి సినుకులు పడతన్నాయంట."

మరుసటి దసరాకు దగ్గుతో తిరిగొచ్చాడు. రైల్వే మైదానంలో రావణ దహనానికి మమ్మల్ని తీసుకెళ్ళింది ఆయనే. మరమరాలు కొనిచ్చి, నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. బొమ్మ అంటుకుని, జనం కేకలు వేస్తుండగా నల్లటి పొగ మావైపు తిరిగింది. బాబాయి నన్ను దించేశాడు. దగ్గు ఆగాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"పద గుంటా, ఇంటికెల్లిపోదాం. నాను ఇది చానా సూసీసినాను."

జనమంతా మంటవైపు చూస్తుంటే మేమిద్దరమే వాళ్ళకు ఎదురు నడిచి వచ్చాం.

నాన్న ఎందరో డాక్టర్ల దగ్గరకు తిప్పారు. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు గాని, ఎందువల్లనో ఎవరూ చెప్పలేదు. చలికాలం వెళ్ళకుండానే బాబాయి పోయాడు. యుద్ధంలో పోయినవాళ్ళ లెక్కలోకి ఆయన రాలేదు. ఆయన పోయింది మా వెనక వరండాలో, పిన్ని చేతిలో గోరువెచ్చని నీళ్ళ గ్లాసు ఉండగా.

దినాలయ్యాక నాన్న డ్యూటీ నుంచి రాగానే పిన్ని చప్పున లేచి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ వాసన ఆవిడకు పడలేదు. నాన్న మర్నాటి నుంచి ఎంత చలిలోనైనా వీధి కుళాయి దగ్గరే స్నానం చేసి, డ్యూటీ బట్టలు తనే ఉతికి పిట్టగోడ మీద ఆరేసి, తువ్వాలుతో వణుకుతూ లోపలికి వచ్చేవారు. డీజిల్ ఇంజను మాత్రం మానలేరు కదా. మా అన్నం దాని మీదే ఉడికేది.

ఇప్పుడు ఆ లైనులో కరెంటు ఇంజన్లు. సిగిడీల పొగ లేదు, రేషను షాపులో కిరసనాయిలు లేదు, మా క్వార్టర్ల వరస కొట్టేశారు. నాన్న, అమ్మ లేరు. పిన్ని ఊరి చివర మోప్కాలో నా దగ్గరే ఉంటోంది. మొన్న నేను ఇంటికి చేరేసరికి టీవీ ముందు కూర్చుని ఉంది. చమురు ట్యాంకులు తగలబడుతున్నాయి. నా కొడుకు హెల్మెట్ అందుకుంటూ, "మమ్మీ, పెట్రోల్ మెహంగా హో జాయేగా, రేటు పెరిగేలోపు ఇప్పుడే ట్యాంక్ ఫుల్ చేయించేస్తా" అని పరుగున వెళ్ళిపోయాడు. టీవీ బొమ్మలో మంటకు ఒక పక్కగా, హెల్మెట్లు పెట్టుకున్న నలుగురైదుగురు కూలీలు గొట్టం లాగుతూ కనిపించారు. పిన్ని ముందుకు వంగి, కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు వాళ్ళ వంకే చూసింది.

"ఆళ్ళు ఏ ఊరోళ్ళే?" అని అడిగింది.

టీవీలో ఆ సంగతి చెప్పలేదు.