డోర్కాస్ పెద్దమ్మ చేసుకున్న అల్లుడు

మా డోర్కాస్ పెద్దమ్మ ఏదీ నోరు తెరిచి అడగదు. చాప అల్లినట్టే నిదానంగా అటునుంచీ ఇటునుంచీ అల్లుకొస్తుంది. ఉత్తరాన ఆర్నెమ్ తీరంలో మా ఆదివాసుల ఊళ్ళో అందరికీ ఈ సంగతి తెలుసు. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన లయనెల్‌కి తెలియదు, పాపం.

లయనెల్ పాత పుస్తకాలు పోగుచేసే మనిషి. రెండో ప్రపంచయుద్ధం అయిన కొత్తలో మా తీరానికి శాస్త్రవేత్తల దండొకటి వచ్చి, మావాళ్ళు చెట్టు బెరడు పట్టల మీద వేసిన బొమ్మలు పట్టుకెళ్ళి లావుపాటి పుస్తకం అచ్చువేసింది. ఇప్పుడది ఎక్కడా దొరకదట. దాన్ని పసిబిడ్డలా గుడ్డలో చుట్టి తెచ్చి, ముట్టుకోబోయినవాళ్ళకల్లా తెల్ల చేతితొడుగులు పంచాడు. పెద్దమ్మ ఒక చేతికే తొడుక్కుంది. రెండో చేతిలో పీత కాలుంది.

పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. రెండు తాబేళ్ళు, పెద్దదీ పిల్లదీ, మధ్యన దోనె.

"మా నాన్న వేసిందే," అంది. పీత పక్కన పెట్టేసింది. "నాయనా, రేపటిదాకా నా దగ్గరుంచు. సరిగ్గా చూసుకుంటాను."

అతను కాదనలేకపోయాడు.

మర్నాడు తిరిగి అడగడానికి వచ్చేసరికి ఊరంతా ఆవిడ ముంగిట్లో ఉంది. "వరస లేని మనిషి మన మధ్య ఎక్కడ కూర్చుంటాడర్రా?" అంది పెద్దమ్మ అందరితో. "ఇవాళ్టినుంచి ఇతను నాకు అల్లుడు."

అందరూ పగలబడి నవ్వారు. అది తన మీద అభిమానమనుకుని లయనెల్ ఒక్కొక్కరికీ చెయ్యి కలిపాడు. పెద్దమ్మ మటుకు గిరుక్కున వెనక్కి తిరిగింది. మాలో అల్లుడు అత్త ముఖం చూడకూడదు, పలకరించకూడదు.

"అత్తయ్యా, నా పుస్తకం..." అన్నాడు.

"ఓరి నాయనో! అల్లుడు నాతో మాట్లాడుతున్నాడే! సిగ్గూ శరం లేదూ!" పెద్దమ్మ తలమీద తువ్వాలు కప్పేసుకుంది.

మధ్యవర్తిగా నన్ను కూర్చోబెట్టారు. "బావా, నాకు చెప్పు. నేను చెప్తాను," అన్నాను. ఆవిడ నాలుగు బారల దూరంలోనే ఉంది, అన్నీ వింటూనే ఉంది.

"పుస్తకం ఎప్పుడిస్తారో అడుగు."

"వేటాడి మాంసం తెచ్చి పెట్టని అల్లుడు పుస్తకం ఎలా అడుగుతాడో కనుక్కో," అంది వీపు.

లయనెల్ ఈటె పుచ్చుకుని మడ అడవిలోకి వెళ్ళాడు. నడుందాకా బురదలో దిగబడితే మా బెరిల్ అక్క మొగుడు వారెన్ తాడేసి లాగాడు. చివరికి కొట్లో డబ్బా మాంసం కొని పంపాడు.

"ఉప్పెక్కువైందని చెప్పు," అంది పెద్దమ్మ, డబ్బా ఖాళీ చేసి.

తరవాత తాడుకంటిన బురద కడుక్కుంటూ, పుస్తకం అడక్కుండా చెయ్యడానికే ఆవిడ ఆ వరస కలిపిందని వారెనే అతనికి అసలు కిటుకు చెప్పేశాడు. కోప్పడతాడనుకున్నాను. లయనెల్ నవ్వీ నవ్వీ కూలబడ్డాడు. సాయంత్రం వచ్చి, పెద్దమ్మకి వీపు పెట్టి కూర్చుని గొంతు పెంచాడు. "మరదలా, అల్లుణ్ణన్నారు సరే. నా పెళ్ళామేదీ?"

పెద్దమ్మకున్నది ఒక్కతే కూతురు, నలుగురు పిల్లల తల్లి, నీళ్ళ లారీ నడిపే బెరిల్ అక్క. తాగుతున్న టీ అక్కకి ముక్కులోంచి వచ్చింది. "తీసుకుపో తమ్ముడూ, లారీ కూడా తీసుకుపో!" అన్నాడు వారెన్. పెద్దమ్మ నవ్వు ఆపుకుంటూంటే ఆవిడ వీపు ఎగిరెగిరి పడింది.

నవ్వులు సద్దుమణిగాక లయనెల్ మెల్లగా అన్నాడు. "పుస్తకం అత్తయ్య దగ్గరే ఉండనీ. ఆ బొమ్మ సంగతి మాత్రం నాకు చెప్పమను."

పెద్దమ్మ అటు తిరిగే, నాతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది. వానల్లో పాక కింద నాన్న ఆ పట్ట మీద గీతలు గీస్తుంటే తను ఎర్రమట్టి నూరి ఇచ్చేదట. నిద్రపోయి లేచేసరికి పట్ట లేదు, దాని బదులు పొగాకు పొట్లం ఉంది. "నేను ఆ పిల్ల తాబేలుకి కళ్ళు పెడతానని ఎంత బతిమాలానో. రేపన్నాడు నాన్న. ఈలోగానే ఆ దండు పట్టుకుపోయింది." లయనెల్ తలదించుకుని విన్నాడు. ఆ మాటలు నేను మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.

అతను ఒట్టి చేతులతో విమానం ఎక్కాడు. ఆ వారమే బెరిల్ అక్క చిన్నకూతురు పెద్దమ్మ ఒళ్ళో కూర్చుని, సన్నటి పుల్ల ఎర్రమట్టిలో ముంచి, అంత అరుదైన పుస్తకంలో, ఆ పిల్ల తాబేలుకి రెండు కళ్ళు పెట్టేసింది. ఒకటి కాస్త పెద్దదైంది.